పై గొంతు నాది

కాలిఫోర్నియా రాష్ట్రం, న్యూహాల్ ఊళ్ళో రైలు కట్టకు అవతలి వీధిలో కాపురముంటున్న లెమ్యుయెల్ అమోస్ స్ట్రౌడ్ అనే నేను, యాభై ఏడేళ్ళ వయసులో, ఊపిరితిత్తులు చెడినా బుర్ర చెడలేదని డాక్టరు చేత చెప్పించుకుని, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా వంటింటి బల్ల మీద నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. దీనికి ముందు రాసినవి ఏవైనా ఉంటే అవి చెల్లవు. సినిమాలు చూసేవాళ్ళకి నేను బిస్కట్‌గా తెలుసు. గుర్రం మీద గిటారు వాయిస్తూ పాడే హీరో వెనకాల, కంచరగాడిద మీద తలకిందులుగా వేలాడుతూ వచ్చే పొట్టివాడిని నేనే. పోస్టరు మీద ముందు హీరో పేరు, తర్వాత ఆయన గుర్రం పేరు, ఆ తర్వాత నా పేరు ఉండేవి.

ఒకటి. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత లాయరు థాడియస్ వుడ్రఫ్ గారికి అప్పగిస్తున్నాను. ఆసుపత్రి బాకీ, శవపేటిక ఖర్చు బ్యాంకులో ఉన్నదానితో తీర్చాలి. "వీలునామాలో తిట్లు రాయకు లెమ్, కోర్టులో చదవాల్సింది నేను" అని వుడ్రఫ్ గారు ముందే చెప్పారు. తిట్లు రాయను. జరిగింది రాస్తాను. చదివేటప్పుడు తిట్టులా వినిపిస్తే ఆ తప్పు నాది కాదు.

రెండు. పెట్టెలో ఉన్న నా వేషం, అంటే ముందంచు పైకి మడిచిన టోపీ, చుక్కల చొక్కా, రెండు సైజులు పెద్దవైన బూట్లు, ఏ మ్యూజియానికీ ఇవ్వకూడదు. పోయినేడు ఒకతను వచ్చి అద్దాల బీరువాలో పెడతానన్నాడు. వెనకింట్లో అద్దెకుంటున్న రుఫీనా అరియోలా గారు మొక్కజొన్న వేశారు. ఆ చేలో కర్ర పాతి ఈ బట్టలు దానికి తొడగాలి. ఇన్నేళ్ళూ పిల్లల్ని నవ్వించాయి, ఇక కాకుల్ని భయపెట్టనీ.

మూడు. ఆ హీరోకి, అంటే వేడ్ లారబీ అని లోకం పిలిచే ఎల్మర్ ప్రూయిట్‌కి నేను ఏమీ ఇవ్వడం లేదు. ఒక్క గుడ్డపేలిక కూడా ఇవ్వడం లేదు. వాడికి నా పళ్ళు రాసిస్తానని స్టూడియో పాతకాపులు పందేలు కట్టుకున్నారట. అవి నా దగ్గరెక్కడున్నాయి? డాక్టరు వాటిని బకెట్‌లో వేశాడు, ఆ బకెట్ ఎటు పోయిందో నాకు తెలియదు.

ఏమీ ఇవ్వకపోవడానికి కారణం రాయకపోతే పిచ్చిముసలాడి అలక అంటారు కాబట్టి రాస్తున్నాను.

ఎల్మరూ నేనూ ఓక్లహోమాలో పక్కపక్క పొలాల వాళ్ళం. వాళ్ళ పత్తి చేను, మా పత్తి చేను మధ్య కంచె కూడా లేదు. చర్చిలో కలిసి పాడేవాళ్ళం, తర్వాత రేడియోలో పాడేవాళ్ళం. నాది పై గొంతు, వాడిది కింది గొంతు. పాట నేను ఎత్తుకుంటే వాడు కింద భుజం పట్టేవాడు. బాగా పట్టేవాడు, అబద్ధమెందుకు. సినిమాలకి మాటొచ్చిన కొత్తలో, పాడే కౌబాయ్‌లు కావాలంటున్నారని విని ఇద్దరం ఒకే ట్రక్కులో హాలీవుడ్ వచ్చాం. ఎల్మర్‌కి ఆవు కొమ్ములంటే భయం. నాకు గుర్రమెక్కితే నడుం పట్టేసేది. అయినా కౌబాయ్‌లమయ్యాం.

గోల్డెన్ మీసా అనే చిన్న కంపెనీ యజమాని సై క్రెండల్ మా ఇద్దరి పాటా విని, మమ్మల్ని పైనించి కిందికి చూసి, "ఒక గుర్రం మీద ఇద్దరు హీరోలు పట్టరు. పొడుగాయన హీరో. పొట్టాయన నవ్విస్తాడు" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. నా చెవులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. మొదటి సినిమాలో చలిమంట దగ్గర పాటలో చివరి చరణం మాత్రం నేనొక్కణ్ణే పాడాను.

ఆ సినిమా గ్లెండేల్‌లో ఆడుతుంటే నేనూ ఎల్మరూ వెళ్ళి జనం మధ్య కూర్చున్నాం. నా చరణం అయ్యాక ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో, "ఆ పొట్టోడెవడే? వాడు పాడుతుంటే ఒళ్ళు జలదరించింది. హీరో గారు వాడి ముందు ఎందుకూ పనికిరాడు" అంది. నాకు నవ్వొచ్చింది. ఎల్మర్ వైపు తిరిగాను. వాడి చెయ్యి పేలాల పొట్లంలో అలాగే ఉండిపోయింది.

తర్వాత కొద్దిరోజులకే క్రెండల్ నన్ను గదిలోకి పిలిచాడు. "ఏమోయ్, నీ పళ్ళు మరీ చక్కగా ఉన్నాయి. చక్కటి పళ్ళు చూసి ఎవడు నవ్వుతాడు? పై వరస ముందువి తీయించేసుకో. ఖర్చు మాది" అన్నాడు. నేను కుదరదని చెప్పి తలుపు గట్టిగా వేసి బయటికొచ్చాను.

ఆ సాయంత్రమే ఎల్మర్ నా గదికి వచ్చాడు. "ఒరేయ్ లెమ్, పళ్ళదేముందిరా! కట్టుడు పళ్ళు అసలువాటి కంటే తెల్లగా ఉంటాయి. కెమెరా ముందు తీసెయ్, ఇంటికొచ్చి పెట్టుకో. టోపీ లాంటిదే అనుకో" అన్నాడు. "పాటో?" అన్నాను. "పాట గొంతులో ఉంటుంది గానీ పళ్ళలో ఉంటుందా?" అన్నాడు. నేను ఇంకా కాదంటుంటే మంచం మీద కూలబడి, "నువ్వు కాదంటే ఇద్దర్నీ గెంటేస్తారురా. నాకు పెళ్ళి కుదిరింది. మళ్ళీ ఆ పత్తిచేలోకి పొమ్మంటావా?" అని ఏడ్చాడు. వాడు ఏడిస్తే నేను ఆగలేను. ఆరేళ్ళప్పటి నుంచీ అంతే. పళ్ళు తీస్తున్నంతసేపూ బయట టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అయ్యాక ఐస్‌క్రీం తెచ్చిపెట్టాడు.

పాట గొంతులో మాత్రమే ఉండదు. పై స్వరానికి నోరు తెరిస్తే కట్టుడు పళ్ళ పలక ఊడి నాలిక మీద పడేది. 'స' అనబోతే ఈల వచ్చేది. తర్వాతి సినిమా పాట రికార్డు చేసే రోజున శబ్దం పట్టే హోబర్ట్ క్లింజ్ చెవులమీంచి తొడుగులు తీసి, "లెమ్, ఎవరైనా పొయ్యి మీద కెటిల్ పెట్టారా?" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఎల్మర్ కూడా నవ్వాడు. క్రెండల్ ఆ నవ్వు చూసి సంబరపడి, అప్పటి నుంచి ప్రతి సినిమాలోనూ ఒక సీను పెట్టించాడు. చలిమంట దగ్గర నేను పాడబోతాను, ఎవరో నా మీదికి బూటు విసురుతారు. ఆ బూటు తగిలి నేను నీళ్ళ తొట్టెలో పడతాను. ఎల్మర్ గిటారు తీసి పాట అందుకుంటాడు.

పదకొండేళ్ళ పాటు, ప్రతి సినిమాలోనూ నేను పాడబోయాను.

నాలుగు. నా వంటింట్లోని కెటిల్‌ని బర్‌బాంక్‌లో ఉంటున్న హోబర్ట్ క్లింజ్‌కి పంపాలి. ఉత్తరం అక్కర్లేదు. అర్థమవుతుంది.

ఐదు. ముందుగదిలోని కాలితో తొక్కే హార్మోనియం నా భార్య జెల్ఫాది. అది ఆమె అక్క హెస్టర్‌కి చెందాలి. మా పెళ్ళి విందులో హెస్టర్ వదిన, నేను వింటున్నానని తెలిసే, "పొడుగాయనకి కుదిరిన పెళ్ళి తప్పిపోయిందటగదే, కొంచెం చూసుకోవాల్సింది" అంది. జెల్ఫా, "అక్కా, నిచ్చెన కావాలంటే కొనుక్కుంటాను" అంది. ఆ మాటకి నేను జెల్ఫాకి జీవితాంతం రుణపడి ఉన్నాను. హెస్టర్ వదిన మీద కోపం కూడా జీవితాంతం దాచుకున్నాను. అయినా ఆ హార్మోనియం మీద అక్కచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పుడు నేర్చుకున్నారు కాబట్టి అది ఆమెకి చెందడమే న్యాయం. ఎడమ తొక్కుడు బద్ద కొంచెం బిగుసుకుంటుంది, సబ్బు రాయాలి.

జెల్ఫా స్టూడియోలో పాటల సాధనకి హార్మోనియం వాయించేది. నన్ను పళ్ళున్నప్పుడు ఎరుగును, పళ్ళు పోయాక పెళ్ళి చేసుకుంది. ఇంట్లో ఎవరైనా నన్ను బిస్కట్ అంటే, "బిస్కట్లు డబ్బాలో ఉన్నాయి, తిని వెళ్ళండి" అని తలుపు చూపించేది. నేను ఇంట్లో కూడా పాడడం మానేశాను. ఆమె కూడా ఎప్పుడూ అడగలేదు.

చివరి వసంతంలో, ఆమె మంచం దిగలేని స్థితిలో ఉండగా, ఒక మధ్యాహ్నం, "లెమ్, ఒక పాట పాడు" అంది.

"ఈ పళ్ళతో రాదు, జెల్ఫా."

"తీసేసి పాడు. నా దగ్గర నీకు సిగ్గేమిటి?"

తీసి గ్లాసులో వేసి పాడాను. మా ఊరి చర్చిపాట. పెదాలు లోపలికి పోతున్నాయి, మాటలు జావలా కారిపోతున్నాయి. కానీ పళ్ళ పలక అడ్డు లేకపోయేసరికి పై స్వరం దానంతటది లేచింది. చివరిదాకా పాడాను. ఆమె, "మాట ఒక్కటీ అర్థం కాలేదు గానీ, గొంతు ఎక్కడికీ పోలేదు లెమ్. వాళ్ళు తీసింది పళ్ళే" అంది. నేను గ్లాసులోంచి పళ్ళు తీసి పెట్టుకున్నాను. ఇరవయ్యేళ్ళుగా లేదనుకున్నది ఉందని, దానితో ఏమీ చేయలేని వయసులో తెలిసింది.

ఆ వేసవిలో ఆమె పోయింది. అంత్యక్రియలకి ఎల్మర్ తెల్ల కారులో, ఇద్దరు పత్రిక ఫోటోగ్రాఫర్లతో వచ్చాడు. గోతి పక్కన నిలబడి పాడాడు. బాగా పాడాడు. నా మంట అంతా అదే. బాగా పాడాడు.

ఆరు. అల్మారా పైనున్న వెండి కప్పు రుఫీనా గారి కుక్కకి చెందాలి. నీళ్ళు పోసి పెట్టడానికి సరిపోతుంది, పిడులు రెండున్నాయి కాబట్టి కడగడం తేలిక.

ఇది రెండేళ్ళ కింద ఒక టీవీ కార్యక్రమం వాళ్ళు నాకిచ్చినది. ఎల్మర్‌కి సన్మానం. వాడికి తెలియకుండా నన్ను తెర వెనక దాచి, హఠాత్తుగా ముందుకు తెచ్చారు. వాడు వచ్చి కావలించుకున్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కార్యక్రమం నడిపే పెద్దమనిషి, "మరి మన బిస్కట్ గారి పళ్ళు ఎలా పోయాయి?" అని అడిగాడు. ఎప్పుడు అడిగినా గుర్రం తన్నిందని చెప్పడం మా ఇద్దరికీ అలవాటు. నేను ఆ మాట కోసం నోరు తెరవబోతుండగా ఎల్మర్ నా భుజం మీద చెయ్యేసి, "గుర్రం కాదండీ! ఇన్నాళ్ళకి నిజం చెబుతాను. నేనే క్రెండల్ దగ్గరికెళ్ళి, ఈ పొట్టోడి పళ్ళు పీకించండి బాబూ, లేకపోతే వచ్చే సినిమాకి వాడు హీరో, నేను కంచరగాడిద మీదా అని కాళ్ళా వేళ్ళా పడ్డాను!" అన్నాడు.

హాలంతా ఘొల్లుమంది. కెమెరా నా మొహం మీదికి వచ్చింది. నేనూ నవ్వాను. నోరంతా తెరిచి, బిస్కట్ నవ్వు నవ్వాను. ఎవరైనా నవ్వితే నా నోరు దానంతటది తెరుచుకుంటుంది, దాని చేత అన్నేళ్ళు అదే పని చేయించారు. ఆ నవ్వు దేశమంతా చూసింది.

బయటికొచ్చాక ఎల్మర్ నా వీపు చరిచి, "బాగా పండింది కదరా!" అన్నాడు. వాడు దాన్ని తప్పని దాచుకోలేదు కూడా. వాడి దృష్టిలో అదొక సరదా కథ. చెప్పడానికి మంచి సమయం కోసం చూశాడంతే. వాడు నా మీద పగతో చేసి ఉంటే ఎప్పటికైనా మన్నించేవాణ్ణేమో.

ఏడు. ఇది ముఖ్యమైన నిబంధన. వుడ్రఫ్ గారు నెమ్మదిగా చదవాలి.

నా మంచం కింద, దుప్పటి ముక్కలో చుట్టి, అల్యూమినియం రేకు రికార్డు ఒకటి ఉంది. మేము రేడియోలో పాడే రోజుల్లో స్టేషన్ వాళ్ళు మా పాట ఒకటి ఆ రేకు మీదికి ఎక్కించారు. లోకంలో అది ఒక్కటే ఉంది. నా పళ్ళున్నప్పటి గొంతు అందులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఆ మొదటి సినిమా రీళ్ళు గోడౌనులో కాలిపోయాయి.

పోయిన నెల ఎల్మర్ ఇంటికొచ్చాడు. ఈసారి ఫోటోగ్రాఫర్లు లేరు. మొహం పీక్కుపోయింది. నోరు తెరిస్తే గరగర.

"గొంతు పోయిందిరా లెమ్. సిగరెట్లు తినేశాయి. డాక్టరు ఇక పాడొద్దన్నాడు" అన్నాడు. పాపమనిపించింది. కుర్చీ చూపించాను, కాఫీ పోశాను.

కాఫీ సగం తాగి, "ఆ రేకు నీ దగ్గరే ఉందిగా?" అన్నాడు. "కంపెనీ వాళ్ళు పెద్ద రికార్డు వేస్తామంటున్నారు. వేడ్ లారబీ తొలి పాటలు అని. ఇప్పటి గొంతుతో కుదరదు కదా. ఆ రేకు ఇవ్వు, దాన్నుంచి తీస్తారు."

"అందులో పాట ఎత్తుకునేది నేనురా ఎల్మర్. నువ్వు కింద పాడావు."

"అవుననుకో."

"మరి నీ తొలి పాట ఎలా అవుతుంది?"

వాడు నావైపు చూశాడు. ఎగతాళి లేదు ఆ చూపులో, కోపమూ లేదు. చిన్నపిల్లాడికి లెక్క చెప్పినట్టు నెమ్మదిగా, "ఎవడికి తెలుస్తుందిరా?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపు దగ్గొచ్చింది. దగ్గు తగ్గేసరికి రుఫీనా గారు చీపురుతో వచ్చి నిలబడ్డారు. పరిస్థితి ఎంత అర్థమైందో ఏమో గానీ ఎల్మర్‌తో, "బాబుగారూ, ఆ పెద్ద కాళ్ళు కాస్త తీస్తే ఊడ్చుకుంటాను. వాకిట్లో ఇంకా పెద్ద చోటుంది, అక్కడ నిలబడండి" అన్నారు. వాడు టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. కారు వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ ఊడుస్తూనే ఉన్నారు.

కాబట్టి ఆ రేకు రికార్డునీ, దాన్ని వాయించే గ్రామఫోనునీ, నాగజెముడు ముళ్ళ డబ్బానీ శ్రీమతి రుఫీనా అరియోలా గారికి సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను. ఇనప సూది పెడితే రేకు గీరుకుపోతుంది, ముల్లు చెక్కి పెట్టాలి. ఏ కంపెనీ వాళ్ళొచ్చినా, ఎంత మర్యాదగా అడిగినా ఇవ్వకూడదు. దాచిపెట్టనూ కూడదు. బంగాళాదుంపలు చెక్కుకుంటూ, బట్టలు మడత పెట్టుకుంటూ వాయించుకోవాలి. వాయించిన కొద్దీ అరుగుతుంది. అరగనివ్వండి. వినపడడం మానేసినప్పుడు చెత్తలో వేసేయండి.

రుఫీనా గారూ, ఇది మీతో. ఒకరోజు మీరు పెరట్లో బట్టలారేస్తుంటే నేను ఈ రేకు పెట్టాను. మీరు తడిచేతులతో తలుపు దగ్గరికొచ్చి, "ఎవరండీ ఆ పైన పాడేది? కింద పాడే ఆయన బస్తా మోస్తున్నట్టున్నాడు గానీ, పైనాయన ఏమీ మోయకుండా నడుస్తున్నాడు" అన్నారు. మీరు సినిమాలు చూడరు. నేనెవరో మీకు తెలియదు. "నా స్నేహితుడండీ, చచ్చిపోయాడు" అన్నాను. మీరు గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, "పాపం, పెళ్ళాం ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. "అదృష్టవంతురాలు" అని మళ్ళీ బట్టలు ఆరేయడానికి వెళ్ళిపోయారు.

అది నేనేనండీ.

ఎనిమిది. ఈ ఇల్లు హెస్టర్ వదినకి చెందాలి. కానీ వెనకింట్లో రుఫీనా గారు బతికున్నంత కాలం ఉండొచ్చు, అద్దె పెంచకూడదు, మొక్కజొన్న జోలికి పోకూడదు. ఈ షరతు తప్పితే ఇల్లు న్యూహాల్ అగ్నిమాపక దళానికి పోతుంది. వదిన ముందు నన్ను తిట్టుకుంటుంది, తర్వాత రుఫీనా గారు మొక్కజొన్న పిండితో చేసే టమేల్స్ తిని ఊరుకుంటుంది. ఆవిడ సంగతి నాకు తెలుసు.

తొమ్మిది. నన్ను జెల్ఫా పక్కన పాతిపెట్టాలి. నా పళ్ళ పలక నోట్లో పెట్టకూడదు. అంత్యక్రియల్లో ఎవరూ పాడకూడదు. ఎల్మర్ ప్రూయిట్ వస్తే రానివ్వండి, వెనక వరసలో కూర్చోనివ్వండి. వాడికి పాడే గొంతు లేదు కాబట్టి ఆపాల్సిన పని పడదు. కానీ మాట్లాడనివ్వకూడదు. వాడు మాట్లాడితే జనం నవ్వుతారు, అప్పుడు నేను నవ్వకుండా ఉండాల్సి రావడం నాకు కష్టం.

పది. పత్రికకి వుడ్రఫ్ గారు ఇవ్వాల్సిన వాక్యం ఇది: "న్యూహాల్ నివాసి లెమ్యుయెల్ అమోస్ స్ట్రౌడ్, గాయకుడు, మరణించారు." అంతకు మించి ఒక్క ముక్క వద్దు. బిస్కట్ అని రాస్తే మొదటి పేజీలో ఫోటోతో వేస్తారని వుడ్రఫ్ గారు అన్నారు. నాకు ఆ పేజీ వద్దు. పశువుల వేలం ప్రకటనల పక్కన ఎంత చోటుంటే అంత చాలు. పత్రిక నుంచి ఫోన్ చేసి, ఈ పేరుతో గాయకుడెవరూ మాకు తెలియదే, ఎక్కడ పాడారు, ఏ సినిమాలో పాడారు అని తప్పకుండా అడుగుతారు.

చెప్పొద్దు.

ఇందులో ప్రతి అక్షరం నేను రాసిందే. కొట్టివేతలు రెండున్నాయి, రెండూ వుడ్రఫ్ గారి మాట విని కొట్టేసిన తిట్లు.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిది, అక్టోబరు తొమ్మిదో తేదీ, శుక్రవారం, న్యూహాల్.

చేవ్రాలు: లెమ్యుయెల్ అమోస్ స్ట్రౌడ్

మా ఎదుట ఆయన చదువుకుని సంతకం చేయగా చూసిన సాక్షులు:

ఆర్విడ్ నీల్సెన్, మేకుల, గుర్రపు నాడాల దుకాణం యజమాని, న్యూహాల్.

మిల్డ్రెడ్ టాగర్ట్, తపాలా కార్యాలయం, న్యూహాల్.